మంట చెప్పని యాసిడ్

కడుగుడు షెడ్డు వెనక గది,
మధ్యాహ్నం భోజనాల వేళ.

బామ్మర్దీ,

ముందు ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పు, కుశలాలు తరవాత. మనిషిలో మురికి ఎక్కడుంటుంది, పైనా, లోపలా? పైనే అంటావా, అయితే సబ్బుతో సరిపెట్టుకో. లోపల అంటావా, అయితే నీ తెల్లకోటు తొడుక్కుని, నీ గాజు గొట్టాలు పట్టుకొచ్చి, దాన్ని బయటికి తీసి చూపించు!

నవ్వుతున్నావని తెలుసు. మీ అక్కని చేసుకున్న రోజు నుంచీ నా బోధ వినకుండా తప్పించుకు తిరుగుతున్న మనిషివి. ఈసారి కుదరదు. నేను చెప్పబోయేది నీ శాస్త్రం గురించే.

మా పని నీకు తెలియనిది కాదు. కొండ తవ్వితే పలుగురాయి వస్తుంది. మిల్లు దాన్ని పంచదార పలుకులంత చేస్తుంది. అయస్కాంతం ఇనప రజను లాగేస్తుంది. అప్పటికీ పలుకుల మీద తుప్పు పసుపుగా అంటుకుని ఉంటుంది. వేడి యాసిడ్ తొట్టెలో పోసి కలియబెడితే ఆ తుప్పు కరిగిపోయి, నీళ్లతో కడిగేసరికి పలుకు తెల్లగా తేలుతుంది. ఇన్నేళ్లూ మేం చేసింది అంతే, పైమురికి వదిలించడం. కానీ గింజ లోపల అభ్రకం నరాల్లా దాక్కుని ఉంటుంది చూడు, దాని దగ్గరికి మా పాత యాసిడ్ పోలేదు. కొలిమి మూసలు చేసేవాళ్లు, దీపాల గాజు చేసేవాళ్లు ఆ నరం కూడా ఉండకూడదంటున్నారట. అందుకని ఓనరుగారు కొత్త యాసిడ్ తెప్పించారు. నల్ల ప్లాస్టిక్ డ్రమ్ముల్లో వచ్చింది. ప్రస్తుతానికి చిన్న తొట్టెల్లో చూస్తున్నారు. బాగుంటే పెద్ద తొట్టె కడతారు.

అసలు వింత విను. పాత యాసిడ్ చుక్క పడితే చెయ్యి కేక పెడుతుంది. వెంటనే నీళ్లలో ముంచుతాం. మండితే కడుక్కోవడం, మండకపోతే పని చూసుకోవడం, మా షెడ్డు ధర్మశాస్త్రం మొత్తం ఇంతే. ఈ కొత్తది చేతి మీద పడినా మండదు! నీళ్లలా జారిపోతుంది. అలాంటిది గింజ గుండెల్లోకి వెళ్లి మురికి తీసుకొస్తోంది. నేను ఊరుకుంటానా? ఖాళీ డ్రమ్ము బోర్లించి ఎక్కి నిలబడ్డాను. "గర్జించేవాడు తోలు వరకే కడుగుతాడు. సాధువైనవాడు హృదయంలోకి వెళ్తాడు. చూడండి, ఇది గొర్రెపిల్ల లాంటి యాసిడ్! దీనికి భయపడేవాడికి విశ్వాసం లేదు!" అన్నాను. షెడ్డంతా ఆమెన్ అంది. ఎప్పుడూ నన్ను తరిమే మేనేజరు కూడా టేపు రికార్డరు తెచ్చి నా మాట పట్టుకున్నాడు. మన ప్రార్థన పాకకి రేకుల కప్పు వేయిస్తానని ఓనరుగారు కబురు పెట్టారు.

మీ అక్క మాత్రం జల్లెడ దగ్గర్నుంచే, "అంత గొర్రెపిల్లయితే దాన్ని అన్ని మూతలు బిగించి ఎందుకు కట్టేశారో?" అంది. ఆవిడ సంగతి నీకు తెలుసు, అపొస్తలుడు వచ్చినా కాళ్లు తుడుచుకుని రమ్మంటుంది.

జవాబు రాయి. మనిషిలో మురికి ఎక్కడుంటుందో కూడా రాయి.

నీ బావ

*

రేవు దగ్గర ల్యాబు,
సాయంత్రం.

బావా,

మైకు అక్కర్లేని నీ గొంతు కాగితం మీద కూడా వినిపించింది. పక్క బల్ల దగ్గరి అమ్మాయి "ఎవరండీ కేకలేస్తున్నారు?" అని అడగలేదు గానీ, అడిగినంత పని చేసింది.

నాలో మురికి ఎక్కడుందో తీరిగ్గా చెప్తాను. ముందు నువ్వు చెప్పు. ఆ డ్రమ్ముల మీద హైడ్రోఫ్లోరిక్ అని ఉందా? గాజు సీసాలో కాకుండా ప్లాస్టిక్‌లోనే ఎందుకు పంపారో ఎవరైనా అడిగారా? అది గాజుని తింటుంది బావా. మీ పలుగురాయీ గాజూ దగ్గర చుట్టాలు. అభ్రకం మీద పడి తినే నోరు, నీ చెయ్యి చూసి ఉపవాసం చెయ్యదు.

నీ గొర్రెపిల్లకి పళ్లున్నాయి. మండటం లేదని మురిసిపోకండి. మోచేతుల దాకా మందపాటి రబ్బరు చేతొడుగులు వేసుకోండి. పగిలినవి వేసుకోవద్దు. ఒక్క చుక్క పడినా, మండినా మండకపోయినా, పారే నీళ్ల కింద చాలాసేపు పెట్టండి. మీ ధర్మశాస్త్రం దీనికి చెల్లదు.

ఇంతకంటే రాయడం కుదరదు, పని ఉంది. అక్కని ఆ తొట్టెల వైపు పోనివ్వకు. జల్లెడ దగ్గరే ఉండమను.

నీ బామ్మర్ది

*

కడుగుడు షెడ్డు వెనక గది,
వానలు పట్టుకున్న వారం.

బామ్మర్దీ,

నీ ఉత్తరం చదివి కోపం వచ్చింది. నిజం చెప్తున్నాను. బంగాళాదుంప తొక్క తియ్యడానికి కూడా గ్లౌజు అడిగే జాతి మీది. నా అరచేతులు చూశావుగా? యాసిడ్ తిని తిని బూటు తోలులా అయ్యాయి. నాకు యాసిడ్ సంగతి నువ్వు చెప్తావా అనుకున్నాను. ఉత్తరం మడిచి బైబిలు మధ్యలో పెట్టి మరిచిపోయాను.

మరిచిపోనివ్వలేదు. షెడ్డు కిటికీ అద్దాలు మసకబారాయి. ఎంత తుడిచినా పోదు, లోపలి నుంచే పొగ పట్టినట్టుంది. ఫోర్‌మన్ కళ్లజోడూ అంతే. "నాకు చత్వారం ముదిరింది" అని డాక్టరు దగ్గరికి పోతే, ఆయన "కళ్లు బాగానే ఉన్నాయి, జోడు చూపించు" అన్నాడట. అందరం నవ్వుకున్నాం. నీ మాట గుర్తొచ్చి నా నవ్వు సగంలో ఆగింది.

ఇంకోటి. కడుగుడు వరసలో ఒక ఆవిడకి చేతొడుగు వేలి దగ్గర చిల్లు పడింది. లోపలికి తడి దిగింది. మండలేదు కాబట్టి గుడ్డతో తుడుచుకుని షిఫ్టు పూర్తి చేసింది. ఇంటికి పోయాక మొదలైంది. చర్మం మీద ఏమీ లేదు, ఎరుపు కూడా లేదు. ఎముకలో ఎవరో మేకు దిగ్గొడుతున్నట్టుందని గోడకి తల ఆనించి కూర్చుంది. తెల్లారేసరికి వేలి కొసలు బూడిద రంగులోకి తిరిగాయి. మేనేజరు దగ్గరికి తీసుకెళ్తే "పొయ్యి దగ్గర కాల్చుకుని ఉంటుంది" అన్నాడు. కంపౌండరు కాలిన పుండ్ల మందు రాశాడు. ఆవిడ దాన్ని వాసన చూసి, "ఇది నా వేలికా, మీ మనశ్శాంతికా?" అంది.

ప్రార్థన చేశాను. నొప్పి తగ్గలేదు. నేను దేవుణ్ణి అనుమానించే మనిషిని కాను, నన్ను నేను అనుమానించడం మొదలుపెట్టాను. ఇవి ఏం నీళ్లురా? సూటిగా రాయి. నా గురించి వేళాకోళాలు పక్కన పెట్టి రాయి.

నీ బావ

*

రేవు దగ్గర ల్యాబు,
ఉదయం, ఆఫీసు తెరవకముందు.

బావా,

ఈ ఉత్తరం అందగానే ఆవిడని పెద్దాసుపత్రికి తీసుకెళ్లు. కంపౌండరు దగ్గరికి కాదు. "హైడ్రోఫ్లోరిక్, కాల్షియం గ్లూకొనేట్ కావాలి" అని ఈ మాటలే డాక్టరుకి చెప్పు. నోరు తిరగకపోతే ఈ కాగితం చూపించు.

సూటిగా రాయమన్నావు, రాస్తున్నాను. పాత యాసిడ్ తోలు దగ్గర ఆగి అల్లరి చేస్తుంది. అందుకే మీరు దాన్ని పట్టుకోగలిగారు. ఇది ఆగదు. చప్పుడు చెయ్యకుండా మాంసంలోంచి దిగి ఎముక చేరుతుంది. ఎముకలో ఉన్న కాల్షియం దానికి మేత. పలచగా కలిపిన యాసిడ్ అయితే మంట మొదలవడానికి ఒక్కోసారి ఒక రోజు పడుతుంది. మంట వచ్చేసరికి అది చెయ్యాల్సింది చేసేసి ఉంటుంది. కాల్షియం జెల్ రుద్దితే వేలిని వదిలి దాన్ని పట్టుకుంటుంది. అది ఆలస్యం చేయకుండా రుద్దాలి. ఎక్కువ మేర పడితే రక్తంలో కాల్షియం లాగేస్తుంది, గుండె ఆగిపోతుంది. పెద్ద తొట్టెలో కాలు జారితే ఇక మాట్లాడుకోవడానికి ఏమీ ఉండదు.

దీనితో పని చెయ్యకూడదని కాదు. చెయ్యొచ్చు. పొగ లాగే గొట్టాలుండాలి, ముఖానికి కవచం ఉండాలి, ప్రతి తొట్టె పక్కనా పారే నీళ్లూ జెల్ డబ్బా ఉండాలి, ఎలా రుద్దాలో ప్రతి మనిషికీ తెలియాలి. ఇవేవీ లేకుండా మాత్రం ఎవరూ దగ్గరికి పోకూడదు.

ఇవన్నీ నేను రాశానని బయట అనకు.

నీ బామ్మర్ది

*

ఇంటి నుంచి,
నా రాత ఇలా ఉందని నవ్వకు.

తమ్ముడూ,

ఎడమ చేత్తో రాస్తున్నాను. ఎందుకో అర్థమైందనుకుంటాను. ఆ "ఒక ఆవిడ" నేనే. నీకు రాయొద్దని మీ బావ చేత ఒట్టు వేయించుకున్నాను. అంత గొంతున్న మనిషి ఒక్క మాట దాచలేక ఇంట్లో పులిలా తిరిగాడు.

జల్లెడ దగ్గరున్న నన్ను తొట్టెల దగ్గరికి మార్చారు. మనుషులు చాల్లేదన్నారు. నీ కాగితం పట్టుకుని పెద్దాసుపత్రికి పోయాం. డాక్టరు అది చదివి నాలుగు పరుగులు పెట్టాడు. గోళ్లు తీసేసి జెల్ పెట్టారు, సూదులు వేశారు. బొటనవేలు నిలిచింది. చూపుడువేలు పై కణుపు తీసేశారు. "ఇంకాస్త ముందు రావలసింది తల్లీ" అన్నాడు ఆయన. ముందు తెలిస్తే రానా?

ఏడవకు. ఉన్న వేళ్లు చాలు నీ చెవి మెలెయ్యడానికి. అందుకే రాస్తున్నాను కూడా. మందు పేరు, మంట ఎంతసేపటికి వస్తుందో, తొట్టె పక్కన ఏం ఉండాలో, అంత పక్కాగా నీకెలా తెలుసు? పుస్తకంలో చదివితే పుస్తకంలో ఉందని చెప్పేవాడివి, నువ్వు అలాంటి గొప్ప దాచుకునే రకం కాదు. చిన్నప్పుడు పంచదార తిని మూతి తుడుచుకున్నాక నీ ముఖం ఎంత అమాయకంగా ఉండేదో, నీ పోయిన ఉత్తరం చివరి వాక్యం అలా ఉంది.

ఈ యాసిడ్ పద్ధతి ఎవరు తయారుచేశారు? అక్కకి చెప్పు.

అక్క

*

రేవు దగ్గర, నా గది నుంచి.

అక్కా, బావా, ఇద్దరికీ,

నేనే.

చిన్న గిన్నెల్లో మొదట చేసింది నేను. యాసిడ్ ఎంత కలపాలి, ఎంత వేడి, ఎంతసేపు కలియబెట్టాలి, అన్నీ నేను కట్టిన లెక్కలే. మా ల్యాబులో పొగ లాగే అలమర ఉంది, చేతికందే దూరంలో జెల్ ఉంది. గింజ నిగనిగా మెరుస్తూ వచ్చిన రోజు నేను కుర్చీలోంచి లేచి గంతేశాను. ఓనరుగారు ఇక్కడికి వచ్చి భుజం తట్టారు. "కడుగుడు షెడ్డులో ఈ ఏర్పాట్లన్నీ ఉండాలి సార్" అన్నాను. "ఉంటాయయ్యా, కానీ ముందే భయం పెట్టకు. భయపడ్డ చెయ్యి పని చెయ్యదు" అన్నారు. నేను తలూపాను. అక్క ఆ షెడ్డులోనే ఉందని ఆ క్షణంలో గుర్తు రాలేదంటే నమ్ముతారా? వచ్చింది. జల్లెడ దగ్గరుంటుందిలే అనుకున్నాను. మిగతావాళ్లు ఎవరి అక్కలో ఆలోచించలేదు.

ఈ ల్యాబుకి నన్నే పెద్దని చేస్తున్నారు. ఇప్పుడు నోరు విప్పితే ఇక్కడే కాదు, ఈ పని చేసే ఏ ల్యాబులోనూ నన్ను గుమ్మం ఎక్కనివ్వరు. నాకు వేరే పని రాదు. జెల్ డబ్బాలు పార్శిల్ చేశాను, దొరికినన్ని. చాటుగా పంచండి. నా పేరు బయటికి రానివ్వకండి. అక్కా, నీ కాళ్లు పట్టుకుంటాను.

తమ్ముడు

*

షెడ్డు గేటు ముందు, టీ కొట్టు బల్ల మీద,
ఎండ నడినెత్తిన ఉండగా.

బామ్మర్దీ,

మీ అక్క నీ ఉత్తరం చదివింది. కట్టు విప్పి, ఆ వేలిని కాసేపు చూసి, మళ్లీ కట్టుకుంది. "వాణ్ణి తిట్టకు, రప్పించు" అంది. నేను తిట్టేవాణ్ణే. ఆవిడ మాట మీద ఆగాను.

జెల్ అందింది. చాటుగా పంచలేదు. చాటుగా చెయ్యడం నాకు రాదు. ఇవాళ పొద్దున గేటు ముందు అందరి చేతుల్లోనూ పెట్టాను. పెట్టి డ్రమ్ము ఎక్కాను. "తమ్ముళ్లారా, అక్కల్లారా, నేను తప్పుడు బోధ చేశాను! అది గొర్రెపిల్ల కాదు, తోడేలు! కొత్తగా కట్టిన పెద్ద తొట్టె దగ్గరికి ఎవరూ పోవద్దు!" అన్నాను.

మా పొడుగు హమాలీ ఉన్నాడుగా, వాడు నడుం మీద చేతులు పెట్టుకుని, "మొన్న గొర్రెపిల్లన్నారు, ఇవాళ తోడేలంటున్నారు. ఈ మధ్యలో ఏం మేసిందండీ అది?" అన్నాడు. గేటంతా గొల్లుమంది. నేనే అయినా నవ్వేవాణ్ణి.

"నా భార్య వేలు మేసింది" అన్నాను.

నవ్వు ఆగింది. సంగతి అక్కడితో ఆగి ఉంటే గెలిచేవాళ్లం. సరిగ్గా అప్పుడు మేనేజరు గేటు మీద లౌడ్‌స్పీకరు పెట్టాడు. అందులోంచి ఎవరు మాట్లాడారో తెలుసా? నేనే! "సాధువైనవాడు హృదయంలోకి వెళ్తాడు... దీనికి భయపడేవాడికి విశ్వాసం లేదు..." చివర అందరి ఆమెన్‌తో సహా. నా గొంతు మీద నేను అరిచాను. టేపులో ఉన్న నేనే గట్టిగా అరిచాను. వాడికి కరెంటు ఉంది మరి.

ఓనరుగారు కారు దిగారు. నవ్వుతూనే, "బోధకుడుగారూ, మీరు దేవుడి మాట చెప్పండి, యాసిడ్ మాట మాకొదిలెయ్యండి" అన్నారు.

"నా భార్య చేతిలో లేని కణుపు ఎవరి మాటండీ?" అన్నాను.

"జాగ్రత్త లేకపోతే కత్తిపీట కూడా కోస్తుంది. ఈ యాసిడ్ సంగతి కెమిస్టు చూశాడు. ప్రమాదం ఉంటే చెప్పడా? మీ స్వంత బామ్మర్దే కదా! తన అక్కనే తొట్టె దగ్గరికి పంపుతాడా?" అని కడుగుడు వరస వైపు తిరిగి అడిగారు.

జనం తలలు ఊపారు. తప్పేముంది, నేనైనా ఊపుతాను. నీ నోట్లోంచి రాని మాటని ఆయన నీ పేరు మీద అమ్ముతున్నాడు. నా టేపు మేనేజరు చేతిలో ఉంది, నీ మౌనం ఈయన చేతిలో ఉంది. నా బోధని నేను వెనక్కి తీసుకున్నాను. నీ మౌనాన్ని నేను వెనక్కి తీసుకోలేను. అది నువ్వే చెయ్యాలి.

పాకకి రేకుల కప్పు వెయ్యరట. పాక కూడా ఖాళీ చెయ్యమన్నారు. "ఆకాశం మీదేనా?" అని అడిగాను. నన్ను గేటు లోపలికి రానివ్వొద్దని కాపలావాడికి చెప్పారు. వాడు నా మొహం చూడలేక నేల చూస్తూ తలుపు వేశాడు. మేం ముగ్గురం బయట కూర్చున్నాం. నేనూ, మీ అక్కా, సత్తు గిన్నె ఎత్తలేని ముసలి కడుగుడు పెద్దమ్మా. "నాకు విశ్వాసం ఉందయ్యా, వేళ్లు కూడా ఉండాలి" అంటోంది ఆవిడ.

పెద్ద తొట్టె నిండింది. రేపు పొద్దున మొదటి షిఫ్టు దిగుతుంది. అందులో నిన్న మొన్న చేరిన ఆడపిల్లలున్నారు. వాళ్ల చేతొడుగులు పాత డబ్బాలోవి, సగం పగిలినవి.

నువ్వు భయపడుతున్నావు. నీ భయాన్ని నేను వెక్కిరించను. ప్రవక్తల్లో సగం మంది నోరు తిరగదనీ, చిన్నవాళ్లమనీ తప్పించుకోవాలని చూసినవాళ్లే. ఒకాయన ఏకంగా ఓడెక్కి పారిపోయాడు. కానీ ఒక మాట అడుగుతాను. వెండిని శుద్ధి చేసేవాడు ఏం చేస్తాడని లేఖనం చెప్పింది? కొలిమి పక్కనే కూర్చుంటాడంది. అగ్గి అంటించి రేవు దగ్గర గదిలోకి పోతాడని చెప్పలేదు. కరిగేదాని వైపు చూస్తూ కూర్చుంటాడు, వేడి ఎక్కువైతే తన మొహానికే తగులుతుంది కాబట్టి అతనికి తెలుస్తుంది. ఈ శుద్ధి నీది. ఈ కొలిమి నువ్వు అంటించావు. దాని పక్కన నీ చోటు ఖాళీగా ఉంది, అందులో మా ఆడవాళ్లని నిలబెట్టారు.

ల్యాబు వాళ్లు గుమ్మం ఎక్కనివ్వరన్నావు. ఎక్కనివ్వకపోతే మా గుమ్మం ఎక్కు. నాకిప్పుడు పనీ లేదు, పాకా లేదు, కప్పూ లేదు. అయినా మీ అక్క మూడో కంచం కడిగి పెట్టింది. నువ్వు రాకపోతే ఏం చేస్తానో కూడా విను. గేటుకి అడ్డంగా పడుకుంటాను. నన్ను తొక్కి పోవాలి. కొందరు తొక్కి పోతారు కూడా, ఎందుకంటే నేను చెప్పింది నమ్మాలో, టేపు చెప్పింది నమ్మాలో వాళ్లకి తెలియదు. నువ్వు చెప్తే తెలుస్తుంది. ఉపన్యాసం అక్కర్లేదు. గేటు ముందు నిలబడి, "ఈ పద్ధతి కట్టింది నేను, ఏర్పాట్లు లేకుండా దిగొద్దని చెప్పాల్సిందీ నేనే, ఇప్పుడు చెప్తున్నాను" అను. ఆ హమాలీ నవ్వడు. ఓనరుగారు నీ పేరు మళ్లీ ఎత్తరు.

ఈ ఉత్తరం మన లారీ డ్రైవరు చేత పంపుతున్నాను. పలుగుపొడి బస్తాలు రేవులో దింపగానే ఖాళీ లారీ తిరిగి ఇటే వస్తుంది, తొలి షిఫ్టు కూత కంటే ముందే గేటు దగ్గరుంటుంది. అతని పక్క సీటు నీకోసం ఉంచమన్నాను. నువ్వు చదువుతున్నంతసేపూ ఇంజను ఆపొద్దని కూడా చెప్పాను. సెలవు చీటీ రాయకు, ఎవరినీ అడగకు, చొక్కా కూడా మార్చుకోకు. ల్యాబులో మిగిలిన జెల్ అంతా సంచిలో వేసుకో. ఇంకా కుర్చీలోనే ఉన్నావా? లేరా! మెట్లు దిగు, ఇవాళే, ఇప్పుడే, లారీ ఎక్కు!